మురాయ్ గదిలో ఫ్యాన్

నా కిటికీని మూసింది మా మరిది దర్మాజి. మేకులు కొట్టింది అతనే. ఒక్కొక్కటే అతని చేతికి అందించింది మాత్రం నేను.

ఆ కిటికీ సందులోకి తెరుచుకునేది. గట్టు మీద వెడల్పాటి చెక్క ఒకటి బిగించుకుని పొద్దున్నే పెసెల్ అమ్మేదాన్ని. ఉడికించిన ఆకుకూరలు, మొలకలు, వాటి మీద వేరుశనగ కారం, పక్కన కరకరలాడే అప్పచ్చి ఒకటి. అరిటాకు మడిచి చేతికిచ్చేదాన్ని. మా మదియున్ ఊళ్లో పెసెల్ దొరకని వీధి లేదు. అయినా రైలు కార్ఖానాకు పోయేవాళ్లూ, పిల్లల్ని బడిలో దింపి వచ్చే ఆడవాళ్లూ నా కిటికీ దగ్గరే ఆగేవారు. కారం కోసం కొందరు, కబుర్ల కోసం కొందరు. సుగితో అనే మా ఆయన చనిపోయాక నన్ను నిలబెట్టింది ఆ కిటికీయే.

దర్మాజి కొన్న మురాయ్ పిట్టకు ఈకలు రాలడం మొదలయ్యాక నా కిటికీకి కాలం చెల్లింది. నల్లటి వీపు, ఇటుక రంగు పొట్ట, జానెడు తోక ఉన్న ఆ పిట్ట ఈకలు రాలే నెలల్లో ఏది వింటే అదే దాని గొంతులో దిగిపోతుంది. అందుకని పందేలకు పెంచేవాళ్లు అప్పుడు పంజరానికి ముసుగు వేసి, చీకటి గదిలో పెట్టి, మేలైన పిట్టల కూతలు పొద్దస్తమానం వినిపిస్తారు. ఇంకే చప్పుడూ దాని చెవిన పడకూడదు. మా ఇంట్లో తలుపు సరిగ్గా పడే గది నాదొక్కటే. మా ఆయన పెళ్లి శుభలేఖలు తయారుచేసిన పాత కంప్యూటరూ, పెద్ద స్పీకర్లూ ఉన్నది కూడా అందులోనే.

“కొత్త ఈకలు వచ్చేదాకే వదినా,” అన్నాడు దర్మాజి. “పందెంలో ఒక్కసారి కూయనీ. ఆ రోజే నీ కిటికీ నీకు తీసిచ్చేస్తాను.”

“అందాకా పెసెల్ ఎక్కడ అమ్ముకోను?”

“అన్నం నేను పెడతాగా! నువ్వు పిట్టను చూసుకో చాలు. నీళ్లు, పురుగులు, చీమగుడ్లు. కంప్యూటర్ ఆగిపోతే మళ్లీ పెట్టడం. ఇంతకంటే సుఖమైన పని ఈ సందులో ఎవరికుంది చెప్పు?”

కోడిగుడ్ల అట్టలు తెచ్చి కిటికీకి మూడు వరసలు కొట్టాడు. మిగిలినవి గోడలకు అంటించాడు. నా మంచం చుట్టూ గుంటలు, గుంటలు. గుడ్డు లోపల ఉన్నట్టే ఉండేది.

ఆ గదిలో మాట్లాడకూడదు. గిన్నె కింద పెట్టేటప్పుడు గుడ్డ వేసి పెట్టాలి. దగ్గు వస్తే దిండులో దగ్గాలి. తలుపు ఊరికే తియ్యకూడదు. పిట్ట కోసం పెట్టిన కట్టుబాట్లన్నీ మనిషి మీద పడ్డాయి. పిట్టకు అవి తెలియనే తెలియవు, అది ముసుగు కింద తన పాటికి తాను పురుగులు తింటూ కూర్చునేది.

ఎదురింటి సరింతెన్ అప్పుడప్పుడు కిటికీ అవతల నిలబడి, “కస్ అక్కా! ఉన్నావా, గుడ్లు పెడుతున్నావా?” అని నన్ను పేరు పెట్టి పలకరించేది. అట్టల్లోంచి ఆ మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చేది. బదులు చెప్పడానికి లేదు. గోటితో అట్ట మీద ఒకసారి గీసేదాన్ని. “సరే, సరే, బతికే ఉన్నావు,” అని నవ్వుకుంటూ పోయేది.

ఇక కంప్యూటర్ సంగతి. దానికి కరెంటు అందించే ఇనుప డబ్బా, అదే పవర్ సప్లై, దాని వెనక వైపు చిన్న ఫ్యాన్ ఉంటుంది. మా ఆయన ఉన్నప్పుడే అది మూలిగేది. ఇప్పుడు అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతోందిగా, కీచుమనడం మొదలుపెట్టింది. ముందు ఘుర్రుమనేది, వేడెక్కాక కీ... కీ... అని సాగదీసేది. దర్మాజి దాని నడుమ అంటించిన బిళ్ల కింద కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాడు. కొన్నాళ్లు నోరు మూసుకుని మళ్లీ మొదలెట్టింది. అతని భార్య వినార్ని కొబ్బరినూనె వెయ్యమంది. అదీ వేశాడు. గదంతా వంటింటి వాసన వచ్చింది తప్ప చప్పుడు తగ్గలేదు.

కొత్త ఈకలు దాదాపు నిండాక దర్మాజి జుమాది బాబాయిని పిలుచుకొచ్చాడు. కార్ఖానాలో పనిచేసి మానేసిన పెద్దమనిషి. మా వాడలో పిట్టల విషయంలో ఆయన మాటే మాట. వచ్చి నా మంచం మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. స్పీకర్లోంచి చిన్న పిట్టల కూతలు జల్లులా కురుస్తున్నాయి. వాటి వెనక ఫ్యాన్ కీచుమంటోంది. కాసేపు విని లేచి, మమ్మల్ని నడవలోకి రమ్మని సైగ చేశాడు. తలుపు మూశాక గానీ నోరు విప్పలేదు.

“ఒరే దర్మాజీ, నీ పిట్టకు పాఠం ఎవరు చెబుతున్నారు?”

“కంప్యూటరే బాబాయ్. మంచి మంచి కూతలు ఏరి ఏరి పెట్టాను.”

“పాఠం చెబుతున్నది కంప్యూటరే, కూతలు కాదు. ఆ ఫ్యాన్ కూత ఎక్కిందంటే ఇక పందెంలో నీ పిట్ట ముందు గెలుపు జెండా ఎవరూ పాతరు. పీకెయ్ దాన్ని. చప్పుడు చెయ్యని రకం ఉంటాయట, తెచ్చి పెట్టు.”

“ఈ ఆదివారమే పందెం బాబాయ్.”

“అయితే ఈ పూటే పెట్టు.” ఆయన నా వైపు తిరిగాడు. “అమ్మాయ్, నీ పెసెల్ తిని ఎన్నాళ్లయిందో. కారం ఎప్పుడు రుబ్బుతావు?”

“రోలు చప్పుడు పిట్టకు పడదు కదా బాబాయ్ గారూ,” అన్నాను.

“మనకు పడుతుందిగా!” అని నవ్వాడు ఆయన. దర్మాజి నవ్వలేదు. “పందెం కానీ బాబాయ్, ఆ సాయంత్రమే కిటికీ తీసేస్తాను. వదినకు మాటిచ్చాను,” అన్నాడు. ఆయన ముందు అన్నాడు కాబట్టి ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. ఇన్నాళ్లూ పిట్ట సంగతి నాకెందుకనుకున్నదాన్ని, ఆ క్షణం నుంచి అది బాగా కూయాలని దర్మాజి కంటే నేనే ఎక్కువ కోరుకున్నాను.

మధ్యాహ్నానికి అతను బజారు నుంచి కొత్త ఫ్యాన్ తెచ్చాడు. పంజరాన్ని నడవలోకి మార్చి, కంప్యూటర్‌ను నా మంచం మీద పడుకోబెట్టాడు. ప్లగ్గు తీసి, ముందున్న మీట నొక్కి పట్టుకుని, “ఉండు వదినా, చెయ్యి పెట్టకు,” అన్నాడు.

“ప్లగ్గు తీశావుగా?”

“తీస్తే మాత్రం? ఈ డబ్బాలో కరెంటు దాక్కుని ఉంటుంది. తొందరపడితే కొడుతుంది. అన్నయ్య చెప్పలేదా నీకు?”

“మీ అన్నయ్య నాకు శుభలేఖల మీద జిగురు రాయడం తప్ప ఏమీ చెప్పలేదు.”

చాలాసేపు ఆగాం. అతను సిగరెట్టు కాల్చుకుని వచ్చాడు. తర్వాత డబ్బా మరలు విప్పి పైరేకు తీశాడు. లోపల బూడిద రంగు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. పాత ఫ్యాన్ రెక్కలు నూనెకు అంటుకున్న మట్టితో నల్లగా మెరుస్తున్నాయి. నేను టార్చి పట్టుకున్నాను. ఎర్ర తీగ, నల్ల తీగ కత్తిరించి, కొత్త ఫ్యాన్ ఎర్రదాన్ని ఎర్రదానికీ నల్లదాన్ని నల్లదానికీ మెలేసి, సీసం కరిగించి అతికించి, టేపు చుట్టాడు.

“బిళ్ల ఉన్న వైపు బయటికి చూడాలి వదినా. ఆ వైపే గాలి పోతుంది. తిరగేసి పెడితే వేడంతా లోపలే ఉండిపోయి ఉడికిపోతుంది.”

“అవును, తెలుసు,” అన్నాను.

“నీకెలా తెలుసు?”

“నేను ఈ గదిలోనే ఉంటున్నాగా.”

అతను తల వంచుకునే ఫ్యాన్ బిగించాడు.

అన్నీ మూసి ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది, చప్పుడు మాత్రం లేదు. ఫ్యాన్ తిరగడం లేదేమోనని ఇద్దరం భయపడ్డాం. పంజరం కింద రాలిన ఈక ఒకటి తెచ్చి ఫ్యాన్ మీది ఇనుప జల్లెడ ముందు పట్టుకున్నాను. అది మెల్లగా, నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు ఊగింది. దర్మాజి నా భుజం తట్టాడు. తమ్ముడి వరస వాడు భుజం తట్టడం మా ఇంట్లో లేదు, అంత సంతోషం. పాత ఫ్యాన్ తీసుకెళ్లి వీధిలో చెత్తడబ్బాలో పడేశాడు.

పంజరాన్ని లోపలికి తెచ్చి కొక్కానికి తగిలించి, తలుపు మూసి, కూతలు మొదలుపెట్టబోతూ ఆగాడు. “ఒక్క నిమిషం విందాం వదినా, ఏ చప్పుడూ లేకుండా ఎలా ఉంటుందో.” మంచం మీద చెరో చివర కూర్చున్నాం. నాకు నా చెవుల్లోని హోరు తప్ప ఏదీ వినపడలేదు. అంత నిశ్శబ్దం ఆ గదిలో నేనెన్నడూ ఎరగను. ఆదివారం సాయంత్రం గురించి, చెక్క మీద పేరుకున్న దుమ్ము గురించి ఆలోచిస్తున్నాను.

ఘుర్ర్... కీ... కీ...

దర్మాజి ఎగిరిపడ్డాడు. “దొంగ వెధవ! పాత సరుకు అంటగట్టాడు!” అని దుకాణం వాణ్ని తిట్టుకుంటూ కంప్యూటర్ వెనక్కి వంగి జల్లెడకు చెవి ఆనించాడు. “ఇక్కడ రావడం లేదే,” అన్నాడు. మళ్లీ కీచుమంది. మీట నొక్కి ఆర్పేశాడు. ఆరిన తెర ముందు కూడా, కీ... కీ... అని సాగింది. అతనికి ఏమీ తోచక గోడలోంచి ప్లగ్గే పీకేశాడు.

తలుపు సందులోంచి వినార్ని తొంగిచూసింది. “బాగుచేశానన్నావు, ఇంకా అరుస్తోందేం?”

“అదే చూస్తున్నా! ఫ్యాన్ ఎక్కడో తగులుతోంది.”

“ప్లగ్గు నీ చేతిలో ఉంటే ఫ్యాన్ ఎక్కడ తిరుగుతోందయ్యా? నీ బుర్రలోనా?”

ముగ్గురం ఒక్కసారే పంజరం వైపు చూశాం. ముసుగు కింద ఘుర్రుమంది. వేడెక్కింది. కీచుమంది. ఆఖరికి మెల్లమెల్లగా దిగి, మీట నొక్కినప్పుడు వచ్చే చప్పుడు లాగే ‘టక్’ అని ఆగింది.

వినార్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, జాలికో నాకు తెలియలేదు. దర్మాజి ప్లగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆదివారం పందెం మానుకుంటాడనుకున్నాను. మానలేదు. “గుంపులో పడితే కొత్త పాటలే పాడుతుంది. అరుపు మరిచిపోతుంది,” అన్నాడు. మోటారుసైకిలు మీద వెనక కూర్చుని పంజరం పట్టుకోవడానికి నన్నే రమ్మన్నాడు. గాలి ముఖానికి కొడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ కూడా కొత్తగా ఉంది.

మైదానంలో ఇనుప కొక్కేల వరసలకు పంజరాలు తగిలించారు. న్యాయనిర్ణేతలు జెండాలు పట్టుకుని పంజరాల మధ్య తిరుగుతున్నారు. తాడు అవతల యజమానులు తమ తమ పిట్టల అంకెలు అరుస్తున్నారు. మా పిట్ట ముసుగు తీయగానే తోక ఆడించి, ఛాతీ విరిచి ఎత్తుకుంది చూడండి, జల్లుల్లాంటి, తూటాల్లాంటి కూతలు, సన్నటి ఈలలు! నా గదిలో నేను నెలల తరబడి విన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక న్యాయనిర్ణేత దాని ముందు ఆగాడు. జెండా పాతడానికి చెయ్యి ఎత్తాడు. దర్మాజి నా చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నాడు. నేను కిటికీని తలుచుకుంటున్నాను.

ఘుర్ర్... కీ... కీ...

ఆ న్యాయనిర్ణేత చెయ్యి దించి, తల అడ్డంగా ఊపి, పక్క పంజరానికి నడిచాడు. తాడు వెనక ఎవరో, “ఎవరిదయ్యా ఆ బండి? కాస్త నూనె వెయ్యండి!” అని అరిచాడు. నవ్వులు. ఇంకొకడు, “నూనె కాదురా, పంక్చరు!” అన్నాడు. పిట్ట మాత్రం పొగడ్త అనుకుందో ఏమో, మళ్లీ మళ్లీ అదే ఎత్తుకుని, చివర్లో శుభ్రంగా ‘టక్’ అని ముగించింది.

ఇంటికి రాగానే దర్మాజి పంజరం నా గదిలో కొక్కానికి తగిలించి, ముసుగు దించి, కూతలు పెట్టాడు.

“కిటికీ?” అని అడిగాను. నడవలో నిలబడే అడిగాను, గదిలో మాట్లాడకూడదు కనుక.

“జుమాది బాబాయినడిగాను వదినా. మళ్లీ ఈకలు రాలినప్పుడు వేరే చప్పుడు లేకుండా చూస్తే మరిచిపోవచ్చట.”

“మళ్లీ ఎప్పుడు రాలతాయి?”

“వచ్చే ఏడు. ఇప్పుడు ఫ్యాన్ కూడా చప్పుడు చెయ్యదు. ఈసారి గదిలో చీమ చిటుక్కుమనదు.”

“నువ్వు బాబాయి ముందు మాటిచ్చావు.”

“పందెంలో కూసిన రోజు అన్నాను. అది కూసిందా? అరిచింది!” అంతమందిలో నవ్వులపాలైన మనిషి, అది నాకూ తెలుసు. “నీకేం తక్కువ చేశాను చెప్పు? అన్నం పెట్టడం లేదా?”

“పెడుతున్నావు. పంజరంలో దానికీ పెడుతున్నావు.”

వినార్ని వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. “ఏమయ్యా, అక్కను ఇంకో ఏడాది అందులో కూర్చోబెడితే ఆవిడ కూడా కీచుమంటుంది, నాకు తెలియదు మరి.”

“నువ్వు లోపలికి పో!”

ఆమె పోయింది. నేనూ పోయాను, నా లోపలికి. తలుపు మూసుకుంది. కొత్త ఫ్యాన్ ఎక్కడుందో కూడా తెలియకుండా తిరుగుతోంది. పాత చప్పుడు ఉన్నప్పుడు కనీసం యంత్రం పక్కన కూర్చున్నానని తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. గోడల మీది గుంటలన్నీ నన్నే చూస్తున్నట్టున్నాయి. ముసుగు కింద పిట్ట ఒకసారి ఘుర్రుమని ఆగిపోయింది. నేను లేచి నీళ్లు పోశాను. దాని తప్పు లేదు. దానికి వినిపించింది అది నేర్చుకుంది.

మర్నాడు తెల్లవారాక కూరగాయల కత్తి తెచ్చుకుని మంచం ఎక్కాను. కిటికీ మీద ఒకే ఒక అట్ట అంచులు కోశాను. మూడు వరసలు, మెత్తగానే తెగాయి. చప్పుడు కాకుండా కోయడం ఆ గదే నేర్పింది నాకు. అట్ట ఊడి వచ్చేసరికి చేయి పట్టేంత వెలుతురు మంచం మీద పడింది. సరింతెన్ సందు ఊడుస్తోంది. నా కన్ను చూసి చీపురు వదిలేసింది.

“అక్కా! నువ్వేనా!”

“మెల్లగా,” అన్నాను గుసగుసగా. “మీ రోట్లో వేరుశనగ కారం నూరి తెచ్చిపెట్టగలవా? ఆకులు, కూర నేను చూసుకుంటాను.”

మొదటి పొట్లం సరింతెన్ కొనుక్కుంది. రెండోది కార్ఖానా అబ్బాయి. ఆ కన్నంలోంచి ఆకు పొట్లం నిలువుగా పడితేనే దూరుతుంది. కారం కారుతోంది. అందరూ ఏదో రహస్యం అడిగినట్టు గుసగుసగా అడుగుతున్నారు. “పిన్నీ, మిరపకాయ తక్కువ.” “అక్కా, అప్పచ్చి రెండు.” నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

అప్పుడు కన్నం ముందు దర్మాజి ముఖం కనిపించింది. తలుపులోంచి రాలేదు, సందు తిరిగి వచ్చాడు. కన్నంలోకి వేళ్లు పెట్టి తెగిన అంచులు తడిమాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు మాటలాపేశారు.

“ఏంటిది వదినా?”

“కిటికీ. నువ్వు ఇస్తానన్నది. ఒక్క అట్టంత తీసుకున్నాను.”

“పిట్ట పాడైపోతుంది.”

“పాడయింది కదా దర్మాజీ. ఫ్యాన్ మార్చినా పోలేదు, ప్లగ్గు పీకినా పోలేదు. ఇంకో ఏడాది నన్ను మూసినా పోదు. నువ్వూ విన్నావుగా.”

అతను ఏదో అనబోయాడు. నా వెనక ముసుగు కింద నుంచి ఘుర్రుమంది. కీ... కీ... అంది. సందులో ఉన్నవాళ్లందరికీ వినపడింది. కార్ఖానా అబ్బాయి, “నూనె వెయ్యాలి పిన్నీ,” అన్నాడు ఏమీ ఎరగక. సరింతెన్ గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను, గొంతెత్తి. ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దర్మాజి నవ్వలేదు. కానీ కన్నం ముందు నుంచి కదలనూ లేదు. అతని కళ్లు పొట్లం మీద పడ్డాయి. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చాడు.

ఒకటి కట్టి ఇచ్చాను. తీసుకున్నాడు.

“తింటూ ఉండు,” అని రెండో అట్ట అంచు పట్టుకున్నాను. అతను నములుతూ చూస్తున్నాడు. ఆపలేదు. నేను లాగాను. మేకు ఒకటి ఎగిరి సందులో పడింది. నేను అందించిన మేకే అయి ఉంటుంది. మూడోదీ, నాలుగోదీ తీశాను. చెక్క బయటపడింది. దుమ్ము తుడిచి కారం గిన్నె దాని మీద పెట్టాను, గుడ్డ వెయ్యకుండా, చప్పుడయ్యేలా.

వెలుతురు పంజరం దాకా వచ్చింది. బేరం సద్దుమణిగాక ముసుగు కూడా ఎత్తేశాను. పిట్ట రెప్పలు కొట్టుకుంటూ సందులోకి చూసింది. దాని విషయంలో నేను తియ్యగలిగింది అదొక్కటే. పంజరం తలుపు తాళంచెవి దర్మాజి దగ్గర ఉంది.